మోడల్ స్టీమ్ ఇంజనుకి ఏ ఇంజెక్టర్ కొనాలి?

బొగ్గుతో నడిచే చిన్న రైలింజన్ల వాళ్లు నలుగురు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఇంజెక్టర్ దగ్గరికే, అంటే బాయిలర్ ఆవిరితోనే బాయిలర్‌లోకి నీళ్లు తోసే చిన్న పరికరం దగ్గరికే వస్తుంది. "నాది ఇవాళ మళ్లీ మొరాయించింది" అని ఒకరంటారు. "ఫలానా వాళ్లది కొను, దానికి తిరుగులేదు" అని ఇంకొకరంటారు. ఆ ఫలానా వాళ్లదే కొనుక్కున్న మూడో మనిషి ఆ సమయానికి ఇంజన్ కిందకి దూరి పైపులు విప్పుతుంటాడు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మొరాయించిన ఇంజెక్టర్లలో చాలావాటికి అసలు జబ్బు ఏమీ ఉండదు. ఇంజనుకి సరిపడని సైజు, వేడెక్కిన నీళ్లు, ఎక్కడో గాలి పీల్చే ఒక నట్టు, ఇవే చాలాసార్లు దొరుకుతాయి. అందుకే ఇక్కడ ఏ కంపెనీ అన్నదానికంటే ఏ సైజు, ఏ రకం, ఇంజన్ మీద ఎక్కడ బిగించాలి అన్న వాటికే ఎక్కువ చోటిస్తున్నాను. కొత్తగా మొదటి ఇంజన్ కొంటున్నవాళ్లకి, ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో విడిభాగాలు తెప్పించుకుని మన దగ్గర కట్టుకుంటున్నవాళ్లకి ఇది పనికొస్తుంది.

ఈ సరదాకి పుట్టిల్లు బ్రిటన్. పట్టాల మధ్య దూరం మూడున్నర అంగుళాలు, ఐదు అంగుళాలు, ఏడుంపావు అంగుళాలు ఉండే ఇంజన్లు మనుషుల్ని కూర్చోబెట్టుకుని లాగుతాయి. బాయిలర్ రాగిది, ప్రెషర్ సాధారణంగా 80 నుంచి 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), అంటే ఐదున్నర నుంచి ఏడు బార్. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆ ప్రెషర్‌కి ఎదురుగా లోపలికి నీళ్లు వెళ్తూనే ఉండాలి. నీటి మట్టం ఫైర్‌బాక్స్ (నిప్పు మండే గది) పైకప్పు కంటే కిందికి పడిపోతే నిప్పు మీదున్న రాగి మెత్తబడి కుంగిపోతుంది. ఇక్కడ నమ్మకం అన్న మాటకి అంత బరువుంది.

ముందు అది ఎలా పనిచేస్తుందో

కదిలే భాగాలంటూ ఒకటి రెండు చిన్న బంతులు తప్ప ఏమీ లేని వస్తువు, ఒక బాయిలర్ ఆవిరితోనే అదే బాయిలర్‌లోకి నీళ్లు ఎలా తోస్తుంది? 1858లో ఫ్రెంచి ఇంజనీరు ఆంరీ జిఫార్ దీనికి పేటెంట్ తీసుకున్నప్పుడు చాలామందికి ఇది కనికట్టులాగే అనిపించింది. మాంచెస్టర్‌లోని షార్ప్ స్టివార్ట్ కంపెనీ బ్రిటన్‌లో తయారీ హక్కులు కొనుక్కున్నాక రైలింజన్ల మీదికి ఎక్కేసింది.

లోపల వరసగా మూడు కోన్‌లు, అంటే సన్నబడుతూనో విప్పారుతూనో పోయే చిన్న గొట్టాలు ఉంటాయి. మొదటిది స్టీమ్ కోన్. ఆవిరి దాన్ని దాటేసరికి సెకనుకి ఏడెనిమిది వందల మీటర్ల వేగం అందుకుంటుంది. రెండోది కంబైనింగ్ కోన్. అక్కడ ఆ ఆవిరికి చుట్టూ చల్లటి నీళ్లు తగిలి, ఆవిరి నీరైపోతుంది, దాని ఊపు మాత్రం నీళ్లకి వచ్చేస్తుంది. ఒక పాలు ఆవిరికి పది పన్నెండు పాళ్ల నీళ్లు కలిసినా ఇంకా సెకనుకి యాభై మీటర్ల పైచిలుకు వేగం మిగులుతుంది. 80 పీఎస్ఐ బాయిలర్‌లోకి నీళ్లు దూరడానికి 33 మీటర్లు చాలు. మూడోది డెలివరీ కోన్. అది మెల్లగా విప్పారుతూ ఆ వేగాన్ని ప్రెషర్‌గా మార్చి, బాయిలర్‌లోకి నీళ్లని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌ని తెరిపిస్తుంది.

కొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఇందులో ఒకటుంది. ఆట మొత్తం ఆవిరి చప్పున నీరైపోవడం మీదే నడుస్తుంది. అందుకే కంప్రెసర్ గాలితో ఇంజెక్టర్‌ని పరీక్షించడం కుదరదు. గాలి చల్లబడితే నీరు కాదు కదా. "గాలితో టెస్ట్ చేసే పంపుతాం" అన్న అమ్మకందారు ఎదురైతే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

అసలు మీకు ఇంజెక్టరే కావాలా?

45 మిల్లీమీటర్ల పట్టాల మీద గ్యాసుతో నడిచే గేజ్ వన్ ఇంజన్లకి వద్దు. వాటి ప్రెషర్ తక్కువ, బాయిలర్‌లో పట్టే నీళ్లూ తక్కువ. ఆ సైజుకి ఇంజెక్టర్ చేయాలంటే రంధ్రాలు సూదిమొన కంటే సన్నగా వస్తాయి. గూడాల్ వాల్వ్ అనే ఒకవైపు వాల్వ్ పెట్టుకుని ప్లాస్టిక్ సీసాతో నీళ్లు నొక్కితే సరిపోతుంది. బల్ల మీద పెట్టి తిప్పే స్టేషనరీ ఇంజన్లకి కూడా చేతి పంపు చాలు.

మూడున్నర అంగుళాలు, ఆపైన ఉన్నవాటికి పోటీ నాలుగింటి మధ్య.

చేతి పంపు చవక, ఎప్పుడంటే అప్పుడు పనిచేస్తుంది, నీళ్లు వేడిగా ఉన్నా దానికి పట్టింపు లేదు. కాకపోతే పదిమంది పిల్లల్ని ఎక్కించుకుని ఎత్తు ఎక్కుతూ ఒక చేత్తో పంపు కొట్టడం నరకం. అత్యవసరానికి ట్యాంకులో ఒకటి ఉండాల్సిందే, రోజువారీ పనికి మాత్రం కాదు.

యాక్సిల్ పంపు ఇరుసు తిరుగుతుంటే దానంతటదే కొడుతుంది. ఎక్కువైన నీళ్లని ట్యాంకుకి తిప్పి పంపే బైపాస్ వాల్వ్ సరిగ్గా పెట్టుకుంటే గంటసేపు నీటి మాటే మరిచిపోవచ్చు. పరుగులో దీన్ని మించిన సుఖం లేదు. స్టేషన్‌లో ఆగితే మాత్రం నీళ్లు ఆగిపోతాయి. జనం ఎక్కి దిగేసరికి సేఫ్టీ వాల్వ్ ఎగిరి నీళ్లు ఆవిరై పోతుంటాయి, మీరు చూస్తూ కూర్చోవాలి.

స్టీమ్ పంపు చూడముచ్చటగా ఉంటుంది. దానికి నూనె పోయాలి, చలికి లోపల నీరు పేరుకుంటే తట్టి లేపాలి. ఇంజన్ కంటే దాని మీదే ఎక్కువ మోజున్నవాళ్లకి అది సరే.

ఇంజెక్టర్ ఆగి ఉన్నా, పరిగెడుతున్నా పనిచేస్తుంది. ఖర్చయిన ఆవిరి వేడి దాదాపు అంతా నీళ్లతోపాటే తిరిగి బాయిలర్‌లోకి వెళ్తుంది. పంపు పోసే చన్నీళ్లకి బదులు కాగిన నీళ్లు పోస్తుంది కాబట్టి రాగికి కూడా మంచిది.

రెండు వేర్వేరు దారుల్లో నీళ్లు పోయగలిగే ఏర్పాటు ఉండాలన్నది బ్రిటన్ క్లబ్బుల్లో పాతుకుపోయిన అలవాటు. మన దగ్గర బాయిలర్ల చట్టం 25 లీటర్ల లోపు వాటిని పట్టించుకోదు. చాలా మోడల్ బాయిలర్లు అందులోపే ఉంటాయి కాబట్టి ఇన్‌స్పెక్టర్ ఎవరూ వచ్చి చూడరు. చూడాల్సింది మీరే. ఒక ఇంజెక్టర్, ఒక యాక్సిల్ పంపు, అత్యవసరానికి చేతి పంపు. ఐదు అంగుళాల ఇంజనుకి నేను చెప్పేది ఈ కలయికే. రెండు ఇంజెక్టర్లు మాత్రమే పెట్టుకుంటే, ట్యాంకులో నీళ్లు వేడెక్కిన రోజు రెండూ ఒకేసారి చేతులెత్తేస్తాయి.

సైజు: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే

పెద్ద రైలింజన్ల ఇంజెక్టర్లని డెలివరీ కోన్ గొంతు వ్యాసంతో, మిల్లీమీటర్లలో పిలిచేవారు. పది నంబరు ఇంజెక్టర్ అంటే గొంతు 10 మిల్లీమీటర్లు. బిట్రగుంట, కాజీపేట షెడ్లలో స్టీమ్ రోజుల్లో ఫైర్‌మన్లుగా చేసినవాళ్లు ఇంట్లో ఉంటే అడగండి, ఇంజెక్టర్ పట్టుకోకపోతే, అంటే లోపల ధార కుదిరి నీళ్లు తోయడం మొదలెట్టకపోతే, పడిన తిప్పలు కథలు కథలుగా చెబుతారు. మోడల్ ఇంజెక్టర్‌లో అదే గొంతు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపు ఉంటుంది. పెద్ద దానిలోంచి ఇసుక రేణువు వెళ్లినా ఎవరికీ తెలియదు. ఇక్కడ అదే రేణువు సగం దారి మూసేస్తుంది.

కేటలాగుల్లో వీటిని నిమిషానికి ఎన్ని ఔన్సుల నీళ్లు పోస్తుందో ఆ లెక్కన రాస్తారు. బ్రిటిష్ ఔన్సు 28.4 మిల్లీలీటర్లు. 16 ఔన్సులంటే 455, 24 అంటే 680, 32 అంటే 910 మిల్లీలీటర్లు. గొంతు వ్యాసం తెలిస్తే మీరే లెక్కేసుకోవచ్చు. 80 పీఎస్ఐ దగ్గర నీళ్ల వేగం సెకనుకి 33 మీటర్లు. 75 నంబరు డ్రిల్లు, అంటే 0.53 మిల్లీమీటర్ల గొంతు అయితే నిమిషానికి సుమారు 440 మిల్లీలీటర్లు. 70 నంబరు డ్రిల్లు, 0.71 మిల్లీమీటర్లు అయితే సుమారు 790. తేడా 0.18 మిల్లీమీటర్లు, ప్రవాహం మాత్రం దాదాపు రెట్టింపు.

ఇక మీ ఇంజన్ ఎంత తాగుతుందో చూద్దాం. ఐదు అంగుళాల పట్టాల మీది మామూలు ట్యాంక్ ఇంజన్ (నీళ్ల ట్యాంకు తన మీదే ఉన్నది) తీసుకోండి. రెండు సిలిండర్లు, బోరు (లోపలి వ్యాసం) 38 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 54. ఒక స్ట్రోకు ఘనపరిమాణం 61 సీసీ. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు స్ట్రోకులు, 245 సీసీ. కటాఫ్ 60 శాతం, అంటే స్ట్రోకులో 60 శాతం దాకానే ఆవిరి లోపలికి వస్తుంది అనుకుంటే 147 సీసీ ఆవిరి. రెగ్యులేటర్ (సిలిండర్లకి ఆవిరి వదిలే వాల్వ్) కాస్త మూసి నడుపుతారు కాబట్టి సిలిండర్ దగ్గర 3 బార్ ఉందనుకుందాం. ఆ ప్రెషర్‌లో లీటరు ఆవిరి బరువు రెండు గ్రాముల పైచిలుకు. అంటే చుట్టుకి 0.32 గ్రాములు. చిన్న సిలిండర్లలో గోడలకి తగిలి వృథాగా నీరయ్యేది చాలా ఉంటుంది, అది కలిపి అర గ్రాము అనుకోండి. నిమిషానికి 350 చుట్లు తిరిగితే 175 గ్రాములు. ఎత్తు ఎక్కుతూ పూర్తిగా తెరిస్తే 300 వరకూ వెళ్తుంది.

అంటే నిమిషానికి 180 నుంచి 300 మిల్లీలీటర్లు తాగే ఇంజనుకి 455 లేదా 600 పోసే ఇంజెక్టర్ చాలు. ఎంత గట్టిగా లాగినా మూడో వంతు నుంచి సగం సమయం దాకా ఆపి ఉంచవచ్చు. చాలామంది "పెద్దదైతే మంచిదే కదా" అని 910 మిల్లీలీటర్లది బిగిస్తారు. అప్పుడేమవుతుందో చూడండి. నిమిషానికి 0.9 కిలోల నీళ్లని 30 డిగ్రీల నుంచి 160కి తేవాలంటే 490 కిలోజౌళ్లు కావాలి. ఇంట్లో నాలుగు గీజర్లు ఒకేసారి వేసినంత పని. బాయిలర్ ఇచ్చే శక్తిలో సగానికి పైగా అక్కడికే పోతుంది. ప్రెషర్ ముల్లు కళ్లముందే జారిపోతుంది, ప్రెషర్ జారాక ఇంజెక్టర్ పట్టు వదిలేస్తుంది. అప్పుడు తిట్లు తినేది ఇంజెక్టరే.

వాటర్ వాల్వ్ తిప్పి ప్రవాహం తగ్గించుకోవచ్చు కదా అంటారా? కొంతవరకే. ఇది కుళాయి కాదు. బాగా తగ్గిస్తే ఆవిరిని నీరు చేసేంత చల్లదనం చాలక, ఎక్కువైనది బయటికి పోయే ఓవర్‌ఫ్లో నుంచి బుసకొట్టడం మొదలెడుతుంది.

ఒకే ఇంజన్ మీద రెండు పెట్టేవాళ్లు ఒకే సైజువి రెండు కొనకండి. ఒకటి చిన్నది, పరుగులో వాడటానికి. ఒకటి పెద్దది, స్టేషన్‌లో సేఫ్టీ వాల్వ్ ఎగురుతున్నప్పుడు గబగబా నింపుకోవడానికి. ఏడుంపావు అంగుళాల ఇంజన్ల మీద ఇది బాగా కలిసొస్తుంది.

రకాల్లో తేడాలు

ఆటోమేటిక్, నాన్ ఆటోమేటిక్ అని రెండు తరహాలు. ఆటోమేటిక్ దాంట్లో కంబైనింగ్ కోన్‌కి మధ్యలో సన్నటి చీలికో ఖాళీయో ఉంటుంది. మొదట ఎక్కువైన ఆవిరి అందులోంచి బయటికి పోయి, ధార కుదరగానే అక్కడ వాక్యూమ్ వచ్చి ఓవర్‌ఫ్లో బంతి తన సీటు మీద కూర్చుంటుంది. పట్టాల అతుకు మీద కుదుపు వచ్చి ధార తెగినా దానంతటదే మళ్లీ పట్టుకుంటుంది. నాన్ ఆటోమేటిక్ అయితే మీరు వాల్వులు కట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. చిన్న ఇంజన్లు కుదుపులు లేకుండా నడవవు కాబట్టి ఇందులో తర్జనభర్జన అనవసరం. ఆటోమేటిక్ దే తీసుకోండి.

ఆ ఓవర్‌ఫ్లో బంతి ముందు తన బరువుతోనే సీటు మీదికి చేరాలి. కాబట్టి దాని గది నిట్టనిలువుగా ఉండాలి. స్థలం చాలలేదని ఇంజెక్టర్‌ని పక్కకి వాల్చి బిగిస్తే బంతి సీటు మీద పడదు, లోపల వాక్యూమ్ ఉంది కాబట్టి ఆ సందులోంచి గాలి పీల్చుకుంటుంది. ధార గరగరమంటూ తెగిపోతుంది. కొనేముందే మీ ఇంజన్ కింద ఆ ఆకారం నిలువుగా పడుతుందో లేదో అట్టముక్కతో నమూనా చేసి చూసుకోండి. పైపులు పక్కల నుంచి వచ్చేవి, కింద నుంచి వచ్చేవి, రెండు రకాల బాడీలూ దొరుకుతాయి. పనితనంలో తేడా లేదు, చోటులోనే.

లిఫ్టింగ్, నాన్ లిఫ్టింగ్ అన్నది ఇంకో భేదం. ట్యాంకు అడుగుకంటే కిందున్న ఇంజెక్టర్‌కి నీళ్లు వాటంతట అవే దిగుతాయి. పైనున్న దానికి పీల్చుకోవాలి. రైలింజన్లకి కిందే పెట్టే వీలుంటుంది కాబట్టి పీల్చే బాధ పెట్టకండి. ట్రాక్షన్ ఇంజన్లలో (రోడ్డు మీద నడిచే ఆవిరి ఇంజన్లు) కొన్నిటికి ట్యాంకు బాగా కిందుగా ఉంటుంది. అలాంటివాటికి ఎంతెత్తు లేపగలదో అమ్మేవాళ్లని అడిగి తీసుకోవాలి.

ఏ ప్రెషర్ నుంచి ఏ ప్రెషర్ దాకా పనిచేస్తుందన్నది నా దృష్టిలో నిమిషానికి ఎన్ని నీళ్లు పోస్తుందన్న దానికంటే ముఖ్యమైన అంకె. 100 పీఎస్ఐ దగ్గర అన్నీ బాగానే పాడతాయి. అవును, పాడతాయి. బాగా పట్టుకున్న ఇంజెక్టర్ సన్నగా ఒక స్వరం పలుకుతుంది, అలవాటైన చెవికి అదే గేజి. అసలు పరీక్ష 40 పీఎస్ఐ దగ్గర. మంట మందగించి, నీళ్లు తగ్గి, వెనకాల జనం ఉన్నప్పుడు ఆదుకునేది ఆ కింది అంకే. రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే తక్కువ ప్రెషర్‌లో మొదలయ్యే దానికే ఓటు.

ఎవరి దగ్గర కొనాలి

బ్రిటన్‌లో చిన్న వర్క్‌షాపుల్లో చేసి, ఒక్కొక్కటీ ఆవిరి మీద పరీక్షించి పంపేవాళ్లున్నారు. చివర్టన్ పేరుతో వచ్చేవాటికి అక్కడ చాలాకాలంగా మంచి పేరుంది. ఇలాంటివాళ్ల దగ్గర వరసలో నిలబడాల్సి రావచ్చు, కానీ పనిచేయకపోతే వెనక్కి తీసుకుని సరిచేసి ఇస్తారు. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా ఇదే. పోస్టు, కస్టమ్స్ ఖర్చు ఎలాగూ తప్పదు కాబట్టి స్పేరు బంతులు, యూనియన్ నట్లు కూడా అదే పార్సిల్‌లో తెప్పించుకోండి.

ఆన్‌లైన్ బజారుల్లో సగం ధరకి దొరికే పేరులేని నకళ్లతో జాగ్రత్త. మా క్లబ్బులో ఒకాయన కొన్న దాన్ని విప్పి భూతద్దంతో చూశాం. స్టీమ్ కోన్ రంధ్రం మధ్యలో లేదు, ఒక పక్కకి జరిగి ఉంది. డెలివరీ కోన్ లోపల డ్రిల్లు గీతలు మరచుట్టుల్లా కనబడుతున్నాయి. పైకి మెరుగు మాత్రం బంగారంలా పెట్టారు. అలాంటిది ఎన్ని గంటలు కుస్తీ పట్టినా పట్టదు. ధార సూటిగా రెండో గొంతులోకి పోకుండా గోడకి కొట్టుకుంటుంది మరి.

సొంతంగా చేసుకోవడం? లేతు ఉన్నవాళ్లకి చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. ఇత్తడి ముక్క ఖరీదు లెక్కలోకి రాదు. పని అంతా సిల్వర్ స్టీలుతో సన్నటి టేపరు రీమర్లు చేసుకోవడంలో, వందో వంతు మిల్లీమీటరు పట్టింపుతో కోన్‌ల మధ్య ఖాళీ కుదర్చడంలో ఉంటుంది. తృప్తి చాలా ఉంటుంది, కాదనను. కానీ కొత్త ఇంజన్, కొత్త పైపులు, సొంత ఇంజెక్టర్ మూడూ ఒకేసారి పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో బ్రహ్మకి కూడా తెలియదు. ముందు కొన్నది బిగించి పైపులన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకోండి. ఆ తర్వాత మీరు చేసినదాన్ని అదే చోట పెట్టి చూడండి.

సెకండ్ హ్యాండ్‌లో భయపడాల్సిందేమీ లేదు, కోన్‌లు బయటికి వచ్చేవైతే. ఈ షరతు కొత్తదానికీ పెట్టండి. శాశ్వతంగా బిగించేసిన కోన్‌లని శుభ్రం చేయడం, గీత పడిందో లేదో చూడటం కష్టం. ఇక నాలుగు అంగుళాల స్కేలు (అసలు ఇంజనులో అడుగుకి ఇక్కడ నాలుగు అంగుళాలు) దాటిన ట్రాక్షన్ ఇంజన్లు, ఆవిరి పడవలు ఉన్నవాళ్లు మోడల్ ఇంజెక్టర్ల జోలికే పోనక్కర్లేదు. అమెరికాలో పెన్‌బర్తీ పేరుతో వచ్చిన చిన్న సైజు అసలు ఇంజెక్టర్లు వాటికి సరిపోతాయి.

మన ఎండ, మన నీళ్లు

ఇంగ్లండ్‌లో కుళాయి తిప్పితే వేసవిలో కూడా చల్లటి నీళ్లే. అక్కడ చేసిన ఇంజెక్టర్ ఆ నీళ్లకి అలవాటు పడిన సరుకు. మేనెలలో విజయవాడలోనో కరీంనగర్‌లోనో మేడమీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనట్టు వస్తాయి. 35 డిగ్రీలు దాటితే చిన్న ఇంజెక్టర్లలో చాలావి తడబడతాయి. దానికి తోడు సైడ్ ట్యాంకులు బాయిలర్‌ని ఆనుకుని ఉంటాయి, యాక్సిల్ పంపు బైపాస్ నీళ్లు వేడెక్కి అందులోకే తిరిగొస్తుంటాయి. ఇంజన్ నడిపే రోజు కుండలో నీళ్లో, ఒక ఐసు ముక్కో ట్యాంకులో వేసుకోవడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. కొనేటప్పుడు "ఎన్ని డిగ్రీల నీళ్ల దాకా పట్టుకుంటుంది?" అని తప్పకుండా అడగండి. బ్రిటన్‌లో ఉండే కొనుగోలుదారు ఈ ప్రశ్నని దాటేసినా నడుస్తుంది, మనకి నడవదు. టెండర్ (వెనకాల తగిలించే నీళ్లు, బొగ్గు బండి) ఉన్న ఇంజన్ అయితే నీళ్లు బాయిలర్‌కి దూరంగా ఉంటాయి, ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

బోరు నీళ్లు వాడొద్దు. సున్నం మొదట పేరుకునేది నీళ్లు ఒక్కసారిగా వేడెక్కే కోన్‌లలోనే. పట్టిన వాన నీళ్లు మంచివి. పేరుకుందనిపిస్తే కోన్‌లు విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి కడగండి. లోపల పొడవాలనిపిస్తే పళ్లపుల్ల వాడండి. గుండుసూది, స్టీలు తీగ పెట్టారంటే ఆ కోన్ సంగతి అంతే.

బిగించేటప్పుడు

ఆవిరి డోమ్ లాంటి ఎత్తైన చోటు నుంచి, విడి పైపులో రావాలి. బ్లోయర్‌కి (పొగగొట్టంలోకి ఆవిరి వదిలి మంటని లేపేది), విజిల్‌కి పోయే సన్న పైపులోంచే దీనికీ ఇస్తే తడి ఆవిరి వస్తుంది. నీళ్ల వైపు ఒక్క నట్టు వదులైనా నీళ్లు కారవు, గాలి లోపలికి వెళ్తుంది. అందుకే కంటికి కనబడదు. అనుమానం ఉన్న చోట కాస్త గ్రీజు పూసి చూడండి, ఇంజెక్టర్ కుదుటపడితే దొంగ దొరికినట్టే. ట్యాంకులో జల్లెడ సన్నగా, వెడల్పుగా ఉండాలి. ఓవర్‌ఫ్లో పైపు కొస డ్రైవరు కంటికి కనబడాలి, ఎక్కడా నొక్కుకుపోకూడదు. చెక్ వాల్వ్ కారుతుంటే వేడినీళ్లు వెనక్కొచ్చి ఇంజెక్టర్ బాడీ కాలిపోతుంది. కాలిన ఇంజెక్టర్ పట్టదు. అప్పటికి తడిగుడ్డ చుట్టి పని కానివ్వండి, ఇంటికెళ్లాక చెక్ వాల్వ్ బంతి సీటు చూడండి.

నడపడం తేలికే. ముందు నీళ్లు, తర్వాత ఆవిరి పూర్తిగా, ఆపైన ఓవర్‌ఫ్లో ఆరిపోయేదాకా నీళ్లు సర్దడం. ఆపేటప్పుడు ముందు ఆవిరి, తర్వాత నీళ్లు.

ఇంజన్‌ని బట్టి

టిచ్ లాంటి మూడున్నర అంగుళాల బుల్లి ట్యాంక్ ఇంజన్లకి యాక్సిల్ పంపే పెద్ద దిక్కు. ఇంజెక్టర్ కావాలంటే దొరికేవాటిలో అతి చిన్నది, కింది ప్రెషర్ అంకె చూసి మరీ. సింప్లెక్స్, స్వీట్ పీ తరహా ఐదు అంగుళాల వాటికి 16 నుంచి 22 ఔన్సుల ఆటోమేటిక్ ఒకటి, పంపు ఒకటి. ఐదు అంగుళాల్లోనే పెద్ద టెండర్ ఇంజన్లయితే 24 ఔన్సులది ఒకటి. 32 ఔన్సులది తీసుకునే ముందు పైన వేసిన లెక్క మీ సిలిండర్లకి వేసి చూసుకోండి. ఏడుంపావు అంగుళాలకి రెండు ఇంజెక్టర్లు, రెండు సైజులు.

ఆర్డర్ పెట్టేముందు ఒక చిక్కు ఉంది. ఈ ఇంజెక్టర్ల మరలు మన బజార్లో దొరికే మెట్రిక్‌వి కావు, ప్లంబింగ్ పైపులకి వాడే బీఎస్పీ కూడా కావు. అంగుళానికి 40 లేదా 32 చుట్లుండే మోడల్ ఇంజనీర్ థ్రెడ్లు, కోణం 55 డిగ్రీలు. ఆ ట్యాపులు, డైలు కూడా అక్కడి నుంచే రావాలి. దగ్గరగా ఉంది కదా అని మెట్రిక్ నట్టు బలవంతంగా ఎక్కిస్తే ఇత్తడి మర చెడిపోతుంది. రాగి పైపు మాత్రం ఇక్కడే దొరుకుతుంది. పావు అంగుళంది ఏ ఏసీ మెకానిక్ సామాన్ల షాపులోనైనా మీటర్ల లెక్కన ఇస్తారు. ఇంజెక్టర్‌కి 3/16 అంగుళాల పైపు కావాలంటే దాన్ని కూడా పార్సిల్‌లోనే రాయించుకోండి.